క్యూలో నిలబడలేని పిల్లాడు

2024 మే నెల చివర్లో ఒక రాత్రి పదిన్నరకి మా చెల్లెలు డాలస్ నుంచి ఫోన్ చేసింది. ఇక్కడ జలదంకిలో కరెంటు పోయి, మిద్దె మీద చాపలేసుకుని పడుకోబోతున్నాం. వాళ్ళకది మధ్యాహ్నం. మామూలుగా ఆదివారం తప్ప చెయ్యదు.

"అక్కా, ఒక మాట అడగాల. బావకి చెప్పొద్దు" అంది.

విషయం ఇది. జూన్‌లో పిల్లలకి సెలవులని ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్‌కి టిక్కెట్లు కొన్నారు. పెద్దదానికి పన్నెండేళ్ళు, ఎప్పుడెప్పుడా అని ఎగురుతోంది. చిన్నోడికి ఎనిమిది. వాడు ఇంట్లో ఉన్నంతసేపూ బంగారం. ముందూ వెనకా మనుషులు నిలబడి, పక్కన కమ్మీలుండి, ఎటూ కదలడానికి లేకపోతే మాత్రం వాడికి ఊపిరాడదు. చేతులు చల్లబడతాయి, చెమటలు పడతాయి, వాంతి చేసుకుంటాడు. డాక్టరు దాన్ని ఆంగ్జయిటీ అన్నారు. ఆటిజం కాదని పరీక్షలు చేసి మరీ చెప్పారు.

"ఆటిజమో, అట్టాంటిదో ఉంటేనే క్యూ లేకుండా పంపిస్తారంట. ఈ నెల్లోనే రూలు మార్చినారు. వీడియోలో మాట్లాడి అడుగుతారంట, కాయితాలేమీ చూడరంట. ఆ ఒక్క మాట అనేస్తే పోలా అక్కా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. రెండ్రోజులు ఆగమన్నాను. ఆ రెండ్రోజుల కోసం మొదలుపెట్టిన చదువు ఆ తర్వాత చాలా నెలలు సాగింది. భయపడే పిల్లల్ని పెద్దలు ఏ కాలంలో ఏమనుకున్నారు, వాళ్ళకోసం ఎవరు ఎంతవరకు పక్కకి జరిగారు అని వెతుక్కుంటూ పోయాను. దొరికిందాంట్లో కొంత మీకు చెబుతాను. మీ ఇంట్లోనో, మీ తోడికోడలి ఇంట్లోనో ఇట్లాంటి పిల్లాడు ఉండకపోడు.

పిల్లల భయానికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో ఒకసారి చూడండి. బెదురు, జడుపు, దడుపు, హడలు, ఉలికిపాటు, దిగులు, బెంగ. బి.ఏ.లో తెలుగు చదివిన దాన్ని కాబట్టి మాటల దగ్గర ఆగిపోవడం నాకు అలవాటు. వీటిలో చాలావాటికి ఒక గుణం ఉంది. "పిల్లాడు జడుసుకున్నాడు" అంటే బయటిదేదో వచ్చి వాడిని తాకిందని అర్థం. తప్పు పిల్లాడిది కాదు. చీకట్లో చూసిన కుక్కది, చింతచెట్టుది, ఎవరి కంటిదో. పిల్లాడికే అంటుకుపోయే మాట ఒక్కటే కనిపించింది నాకు. పిరికోడు.

ఆయుర్వేదంలోనూ దారి అదే. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో బాలగ్రహాలని తొమ్మిదింటిని చెప్పారు. స్కందగ్రహం మొదలుకొని నైగమేషం దాకా. మనకి భాగవతంలో తెలిసిన పూతన పేరు కూడా ఆ జాబితాలో ఉంది. పసివాడు ఉలిక్కిపడటం, ఊరికే ఏడవటం, పాలు తాగకపోవడం, ఇవన్నీ గ్రహం పట్టిన గుర్తులు. శాంతి చేస్తే గ్రహం వదిలి పోతుంది, బిడ్డ బిడ్డగా మిగులుతాడు.

మా వైపు ఈ నమ్మకానికి రెండు పెద్ద చిరునామాలు. పెన్న ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ గుడి ఒకటి, ఆత్మకూరు వైపు అనుమసముద్రంపేటలో ఖాజా నాయబ్ రసూల్ దర్గా ఒకటి. మనసు బాగాలేని వాళ్ళని తీసుకొచ్చి జొన్నవాడలో నిద్ర చేయిస్తారు. ఏ.ఎస్.పేట దర్గాలో వారాల తరబడి ఉంటారు. దర్గాకి వచ్చేవాళ్ళలో హిందువులూ తక్కువేం కాదు. మా అవ్వ మా చిన్నమామని చిన్నప్పుడు అక్కడికి తీసుకెళ్ళి మూడు శుక్రవారాలు ఉందని మా అమ్మ చెప్పేది. ఆయనకి బళ్ళో పేరు పిలిస్తే కాళ్ళు వణికేవట. దర్గాలో ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు, నీకున్నది ఏ జబ్బని గుచ్చిగుచ్చి చూడలేదు. తాయెత్తు కట్టించుకుని వచ్చారు. ఆయన తర్వాత కండక్టరు ఉద్యోగం చేశారు, జనం మధ్యే. తాయెత్తు వల్లనో, వయసు వల్లనో, మూడు వారాలు అమ్మ పక్కనే ఉండి కన్న తల్లి తనవైపే చూసిందన్న ధైర్యం వల్లనో నేను చెప్పలేను.

పాతకాలమంతా మంచిదని చెప్పడం నా ఉద్దేశం కాదు. తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో దర్గా చుట్టుపక్కల నడిచిన ఒక ఆశ్రమంలో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక చనిపోయారు. భయం తగ్గని వాడికి, తగ్గలేదన్న విసుగుతో చివరికి ఇచ్చింది ఆ గొలుసే. మనసు బాగాలేని మనిషిని గొలుసుతో కట్టకూడదని చట్టంలో స్పష్టంగా రాసుకోవడానికి మనకి 2017 దాకా పట్టింది.

మా చిన్నప్పుడు థీమ్ పార్కులేవీ లేవు, తిరునాళ్ళే. రంగులరాట్నం, బావిలో మోటార్ సైకిలు, నెల్లూరు వి.ఆర్.సి. గ్రౌండులో ఎగ్జిబిషన్. భయపడే పిల్లాడిని ఏం చేసేవాళ్ళంటే, ఎక్కించేవాళ్ళు కాదు. అంతే. నాయన భుజం మీద కూర్చుని చూసేవాడు, చేతిలో పీచు మిఠాయి ఉండేది. మిగతా పిల్లలు వెక్కిరించేవాళ్ళు. క్యూ అన్నదీ అంతగా లేదు. తోసుకునేవాళ్ళు తోసుకునేవాళ్ళు, లేనివాళ్ళు వెనక ఉండేవాళ్ళు. క్యూ మర్యాద వచ్చాకే, మర్యాదగా నిలబడలేని పిల్లాడు ఒక సమస్యగా బయటపడ్డాడు.

ఆ మర్యాదని వ్యాపారంగా మలిచింది డిస్నీనే. కాలిఫోర్నియాలో మొదటి డిస్నీలాండ్ 1955 జులై 17న తెరిచారు. మొదటిరోజే దొంగ టిక్కెట్లతో జనం విరగబడ్డారని చరిత్రలో రాసుకున్నారు. ఫ్లోరిడాలోది 1971 అక్టోబరు 1న వచ్చింది. పొడుగ్గా ఉన్న వరసని పాములాగా అటూఇటూ మడతలు పెట్టి తిప్పితే, ఎంత దూరముందో కనపడక జనం ఓపిగ్గా నిలబడతారు. మామూలు పిల్లాడికి అది కాలక్షేపం. మా చెల్లెలి కొడుకు లాంటి వాడికి వెనక్కి దారిలేని బోను.

అమెరికాలో 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. సర్కారు ఆఫీసులే కాదు, హోటళ్ళు, సినిమా హాళ్ళు, పార్కులు, జనం వచ్చే ఏ వ్యాపారమైనా వికలాంగులకు తగిన మార్పులు చేసి తీరాలని అందులో ఉంది. ఆ మార్పులకి వాళ్ళ మాటని నేను 'వెసులుబాటు' అని అనుకుంటున్నాను. మన ఆఫీసు తెలుగులో ఇంకేదో బరువైన మాట ఉంటుంది, నాకిది చాలు. డిస్నీ పార్కుల్లో గెస్ట్ అసిస్టెన్స్ కార్డు అని ఒకటి ఇచ్చేవాళ్ళు. ఏ ఇబ్బందో చెబితే చాలు, రుజువు అడిగేవాళ్ళు కాదు. ఆ కార్డున్న పిల్లాడు, వాడి కుటుంబం చాలా రైడ్లకి పక్కదారిన దాదాపు వెంటనే వెళ్ళిపోయేవాళ్ళు. ఆటిజం పిల్లల తల్లులకి అది వరంలా ఉండేది.

దాన్ని పాడుచేసింది ఎవరో తెలుసా? డబ్బున్న అమ్మలు.

2013 మేలో న్యూయార్క్ పోస్ట్ పత్రిక బయటపెట్టింది. మన్‌హట్టన్‌లో బాగా కలిగిన కుటుంబాల తల్లులు వికలాంగుల్ని గైడ్లుగా గంటకి 130 డాలర్లిచ్చి కుదుర్చుకునేవాళ్ళట. తమ కుటుంబమే అన్నట్టు వెంటబెట్టుకుని క్యూలు దాటుకుని పోయేవాళ్ళట. ఆ సంగతి వెడ్నెస్డే మార్టిన్ అనే రచయిత్రికి తెలిసింది. ఆమె ఆ వీధుల తల్లుల మీదే పుస్తకం రాయడానికి వివరాలు పోగుచేస్తోంది. నాకు ఈ కథలో కోపం కంటే ముందు ఒకరకమైన సిగ్గు వచ్చింది. ఎందుకంటే ఆ తల్లులకీ మనకీ తేడా డబ్బులోనే ఉందేమో. మన పిల్లలు ఎండలో గంట నిలబడుతుంటే, పక్క నుంచి దారుందని ఎవరైనా చెబితే చూపు అటు పోకుండా ఉంటుందా? గుళ్ళో తెలిసిన పూజారి పేరు చెప్పి ముందుకు పోయిన రోజు నాకూ ఉంది.

ఆ గొడవతో 2013 అక్టోబరు 9న పాత కార్డు తీసేసి, డి.ఏ.ఎస్. అని కొత్త పద్ధతి పెట్టారు. ఇది ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవడం ముఖ్యం. ఒక రైడ్‌కి క్యూ గంట ఉందనుకోండి. మీ పేరు రాసుకుని, ఇంచుమించు గంట తర్వాత రండి అని టైం ఇస్తారు. ఆ గంట మీరు చెట్టుకింద కూర్చోవచ్చు, ఐస్‌క్రీం తినొచ్చు. టైముకి వస్తే చిన్న వరసలోంచి పంపిస్తారు. అంటే ఆగడం తప్పదు, ఇరుక్కుని నిలబడటం తప్పుతుంది. భయపడే పిల్లాడికి ఇంతకంటే చక్కటి ఏర్పాటు ఉండదనిపిస్తుంది నాకు. ఎవరి వంతూ పోదు.

కానీ బాగా తీవ్రమైన ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకి అది చాలలేదు. ఆగడమన్నదే అర్థంకాని పిల్లలు వాళ్ళవాళ్ళు. ఒకే వరసలో అవే రైడ్లు ఎక్కకపోతే కుప్పకూలిపోయే పిల్లలున్నారు. 2014లో కోర్టుకెళ్ళారు. 2018లో అప్పీలు కోర్టు వాళ్ళ మాటలో వినాల్సింది ఉందని, విచారణ జరపాల్సిందేనని చెప్పింది. 2020 జూన్‌లో ఫ్లోరిడాలో జడ్జి ఆన్ కాన్వే కంపెనీ పక్షాన తీర్పిచ్చారు. వాళ్ళడిగిన మార్పు తప్పనిసరి అని తేలలేదని, అది ఇస్తే పార్కు నడిచే పద్ధతే మారిపోతుందని. 2022లో అప్పీలు కోర్టూ ఒప్పుకుంది. పాత కార్డు కాలంలో, మొత్తం జనంలో చాలా కొద్దిమందే అయిన కార్డు వాళ్ళు గిరాకీ ఉన్న రైడ్లలో సీట్లు ఎంత పెద్ద భాగం వాడేసుకున్నారో కంపెనీ కోర్టులో లెక్కలు చూపించింది. ఆ లెక్క చదివాక నేను ఏ తల్లి పక్కన నిలబడాలో తేల్చుకోలేకపోయాను. కార్డు లేని తల్లీ పిల్లల్ని తీసుకుని ఎక్కడో దూరం నుంచే వచ్చి ఉంటుంది.

ఇంకో చరిత్ర దీని పక్కనే నడిచింది. 1999లో డిస్నీ ఫాస్ట్‌పాస్ పెట్టింది. అందరికీ ఉచితం. టైం రాసిన చీటీ తీసుకుని తర్వాత వస్తే సరిపోయేది. 2021లో దాన్ని తీసేసి డబ్బు కట్టే పద్ధతి తెచ్చారు. 2024 చివరికి వచ్చిన ఒక పాస్ రద్దీ రోజుల్లో మనిషికి 400 డాలర్లు దాటింది. ఉచిత దారి మూసేస్తే జనం మిగిలిన ఉచిత దారి వైపు చూడకుండా ఉంటారా? అయిదేళ్ళలో డి.ఏ.ఎస్. వాడేవాళ్ళు మూడు రెట్లయ్యారని కంపెనీ చెప్పింది. అందులో అబద్ధాలు కొన్ని ఉండే ఉంటాయి. పిల్లల ఆంగ్జయిటీని ఇప్పుడు తల్లులు పేరుపెట్టి గుర్తించడం కూడా కొంత ఉంటుంది. వేరుచేసి చెప్పగలిగిన వాళ్ళెవరూ నాకు కనపడలేదు.

దాంతో 2024లో పట్టు బిగించారు. ఫ్లోరిడాలో మే 20 నుంచి, కాలిఫోర్నియాలో జూన్ 18 నుంచి. ఆటిజం లాంటి ఎదుగుదల లోపమో, అట్లాంటిదే మరొకటో ఉండి, మామూలు క్యూలో ఎక్కువసేపు ఆగలేని వాళ్ళకే ఈ పద్ధతి అన్నారు. వీడియోలో మాట్లాడాలి. అవసరమైతే వాళ్ళు పెట్టుకున్న వైద్య నిపుణులూ మాట్లాడతారు. అబద్ధం చెప్పినట్టు తేలితే ఇక శాశ్వతంగా పార్కులోకి రానివ్వరు. మిగతావాళ్ళకి వేరే ఏర్పాట్లున్నాయి, క్యూలోంచి బయటికెళ్ళి మళ్ళీ వచ్చి కలవడం లాంటివి. ఆంగ్జయిటీ ఒక్కటే ఉన్నవాళ్ళు, శరీరంలో జబ్బులున్న చాలామంది ఈ గీతకి అవతల పడ్డారు. 2025 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో దీనిమీద మళ్ళీ కేసు పడింది.

మా చెల్లెలి ఫోన్ ఆ గీత గీసిన వారంలో వచ్చింది.

ఇక్కడ నాకు ఒక సంగతి గుచ్చుకుంది. గీత జబ్బు పేరు మీద గీశారు, పిల్లాడి అవస్థ మీద కాదు. ఆటిజం ఉన్నా హాయిగా క్యూలో నిలబడి పాటలు పాడుకునే పిల్లాడు ఉంటాడు. ఆటిజం లేకుండా పది నిముషాలకి నీలుక్కుపోయే పిల్లాడూ ఉంటాడు. తల్లి రెండోవాడి తల్లి అయినప్పుడు ఆమెకి రెండే దారులు. మానుకోవడం, లేకపోతే పేరు మార్చి చెప్పడం. నిజాయితీగా ఉన్న తల్లికి అబద్ధం నేర్పే రూలు మంచి రూలెట్లా అవుతుంది?

అయితే మన దేశంలో మాత్రం ఏముందని. ఇక్కడా పేర్ల చరిత్రే. 1995 చట్టంలో వైకల్యాలు ఏడు. చూపు లేకపోవడం, తక్కువ చూపు, కుష్ఠు నయమైనవాళ్ళు, వినికిడి, కదలిక, బుద్ధిమాంద్యం, మానసిక అనారోగ్యం. ఆటిజం అన్న మాటే లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టంలో చోటు దొరికింది. ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద 2007లో మనం సంతకాన్ని ఖాయం చేశాక, 2016లో కొత్త చట్టం వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలు. ఏడు కాస్తా 21 అయ్యాయి, ఆటిజం, డిస్లెక్సియా లాంటి చదువు ఇబ్బందులు అన్నీ వచ్చాయి. వెసులుబాటు అన్న మాటకి అర్థం కూడా అందులో రాశారు. అవసరమైన, తగిన మార్పు చెయ్యాలి, అది అవతలివాళ్ళకి మొయ్యలేని భారం కాకూడదు. అబద్ధం చెప్పి ఆ లాభాలు పొందితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని 91వ సెక్షన్.

పేర్లు కూడా ఎన్ని మార్చారో! వికలాంగులన్నాం, 2015 చివర్లో ప్రధాని రేడియోలో చెప్పాక దివ్యాంగులన్నాం, మన రాష్ట్ర సర్కారు శాఖకి విభిన్న ప్రతిభావంతులని పేరు. సచివాలయంలో వరసలో నిలబడ్డ ముసలాయన్ని అడగండి, "సదరం" అంటాడు. ఆయనకి ఆ ఒక్క మాటే పనికొచ్చేది.

ఆటిజాన్ని కొలవడానికి సికింద్రాబాద్ జాతీయ సంస్థ ఆధ్వర్యంలో తయారైన కొలబద్ద ఉంది, 40 ప్రశ్నలు. అప్పట్లో దాని పేరు ఎన్.ఐ.ఎం.హెచ్., ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. నెల్లూరులో ఉన్న ప్రాంతీయ కేంద్రం దానికి అనుబంధమే, పిల్లల ఎదుగుదల గురించి అనుమానం ఉన్నవాళ్ళు అక్కడ చూపించుకోవచ్చు. మానసిక అనారోగ్యానికి ఇంకో కొలబద్ద. అందులో తన పనులు తను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడటం, ఉద్యోగమో ఇంటిపనో చెయ్యడం చూసి మార్కులేస్తారు. 40 శాతం వస్తే సర్టిఫికెట్టు. ఉద్యోగానికి మార్కులేసే కాయితంలో ఎనిమిదేళ్ళ వాడి దడ ఎక్కడ రాస్తారు? పైగా మన దగ్గర ఆ కాయితం పార్కు కోసం కాదు, పింఛను కోసం. 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను మూడు వేల నుంచి ఆరు వేలయింది. 2025లో దొంగ సర్టిఫికెట్లున్నాయని మళ్ళీ తనిఖీలు మొదలయ్యాయి. నిజంగా కాలు లేని వాళ్ళూ ఆటోలు కట్టించుకుని ఆస్పత్రులకి మళ్ళీ పోయారు. డిస్నీ కథే ఇది, బొమ్మలు మాత్రం వేరు.

మనవాళ్ళకి ఎక్కువ తెలిసిన క్యూ గుడి క్యూ. తిరుమలలో వైకుంఠం కాంప్లెక్స్ కంపార్టుమెంట్లలో కూర్చోని తెలుగు ఇల్లాలు ఉందా? అక్కడ ఏడాదిలోపు బిడ్డలున్న తల్లిదండ్రులకి, వృద్ధులకి, దివ్యాంగులకి వేరే దారి ఉంది, ఎప్పటినుంచో. మూడు వందలు కడితే ఇంకో దారి. డబ్బు కట్టేవాళ్ళని నీకేం జబ్బని ఎవరూ అడగరు. డిస్నీలోనైనా, హైదరాబాద్ వండర్లాలో ఉన్న ఫాస్ట్‌ట్రాక్ టిక్కెట్టులోనైనా అంతే. రుజువు అడిగేది డబ్బు బదులు బాధ చూపించే వాళ్ళనే.

నా కొడుక్కి ఆరేళ్ళప్పుడు ఒక గుళ్ళో, ఏ గుడో ఎందుకులెండి, కమ్మీల మధ్య వాడు ఉన్నట్టుండి గట్టిగా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాడు. కళ్ళు తేలేస్తున్నాడు. పక్క గేటు తియ్యమని కాపలా మనిషిని బతిమాలాను. "కార్డుందా?" అన్నాడు. లేదన్నాను. "పిల్లలన్నాక ఏడవరా తల్లీ" అన్నాడు. వెనకనున్న ఒక ముసలమ్మ, ఒంగోలు వైపు మాట, వాడిని ఎత్తుకుని కమ్మీ మీదుగా అవతల ఉన్న తన మనవడికి అందించింది. నేను కమ్మీ కిందనుంచి దూరాను. ఆరోజు మాకు దర్శనం కాలేదు.

2022 మే 7న రాంచీలో జరిగింది చాలామంది చూసే ఉంటారు, ఫోన్లలో తిరిగింది. హైదరాబాద్ రావాల్సిన ఇండిగో విమానం. దివ్యాంగుడైన ఒక పిల్లాడు విమానాశ్రయంలో బెదిరిపోయాడు. తల్లిదండ్రులు ఊరడించి తిండి పెట్టి దారికి తెచ్చుకున్నారు. అయినా వాడు మిగతావాళ్ళకి ప్రమాదమని ఎక్కనివ్వలేదు. అదే విమానంలో పోవాల్సిన డాక్టర్లు, తోటి ప్రయాణికులు మేమున్నామని వాదించారు. కుదర్లేదు. ఆ నెల 28న డి.జి.సి.ఏ. ఆ సంస్థకి అయిదు లక్షల జరిమానా వేసింది. దయగా చూసుకుని ఉంటే పిల్లాడు శాంతించేవాడని తన ఉత్తర్వులో అభిప్రాయపడింది. తర్వాత రూలూ మార్చారు, వైకల్యం చూపి ఎక్కనివ్వకపోవడం కుదరదని, అనుమానముంటే డాక్టరు చూసి చెప్పాలని. ఈ సంగతిలో నాకు నచ్చింది జరిమానా కాదు. తమ విమానం ఆలస్యమైనా ఫరవాలేదని అడ్డుపడిన ఆ జనం.

కొన్ని పార్కులు క్యూ ఒక్కటే వెసులుబాటు కాదని తెలుసుకున్నాయి. అమెరికాలో టెక్సస్‌లో, శాన్ ఆంటోనియోలో, గార్డన్ హార్ట్‌మన్ అనే ఆయన వికలాంగురాలైన తన కూతురు మోర్గాన్ పేరు మీద 2010లో ఒక పార్కు కట్టారు, మోర్గాన్స్ వండర్‌ల్యాండ్. వికలాంగులకి టిక్కెట్టు లేదు. డాలీవుడ్ అనే పార్కులో 2016లో పిల్లలు సద్దుమణగడానికి మసక వెలుతురు గది పెట్టారు. పెన్సిల్వేనియాలో సెసమీ ప్లేస్ 2018లో తన సిబ్బందికి ఇట్లాంటి పిల్లల విషయంలో శిక్షణ ఇప్పించి ధ్రువీకరణ తెచ్చుకుంది. ఒక గది, ఒక ఫ్యాను, కాస్త చీకటి. మన తిరునాళ్ళలో, ఎగ్జిబిషన్లలో పెట్టడానికి అయ్యే ఖర్చు పెద్దదేం కాదు.

రెండ్రోజులన్నాను కదా, మూడోరోజు నేనే ఫోన్ చేశాను.

"ఆ మాట అనొద్దు" అన్నాను.

"మన పిల్లోడి కంటే వాళ్ళ రూలు ఎక్కువా నీకు?" అంది. కోపమొచ్చింది దానికి. రావడం న్యాయమే.

నేను చెప్పిన కారణం రూలు కాదు. వీడియోలో మాట్లాడేటప్పుడు పిల్లాడు పక్కనే ఉంటాడు. అమ్మ తన గురించి లేనిది చెప్పడం వింటాడు. ఎనిమిదేళ్ళ వాడు, డాక్టరు కాదన్న పేరు అమ్మ నోట విని ఏమనుకుంటాడు? ఇదివరకే తనలో ఏదో తేడా ఉందని రాత్రిళ్ళు అడుగుతున్నాడని అదే నాకు చెప్పింది. రెండోది, గెస్ట్ కార్డు కథ. అబద్ధాలు పెరిగిన ప్రతిసారీ గీత ఇంకాస్త లోపలికి జరిగింది, ప్రతిసారీ నష్టపోయింది చెప్పుకోలేని పిల్లలే.

మా అత్తయ్య పక్కనే కూర్చుని వింటోంది. "వాడికి భయమైతే ఆడికి తీసకపోవడం దేనికి? ఇంటికాడ ఉంచండి" అంది. ఆమె కాలంలో జవాబు అదే. ఆ మాటా పూర్తిగా కొట్టిపారేయలేను, అయితే అక్క ఆడుకుంటుంటే తమ్ముడు ఇంట్లో ఉండాలా?

మా చెల్లెలు చివరికి ఏ వెసులుబాటూ అడగలేదు. గేటు తెరిచే టైముకే వెళ్ళారు. మధ్యాహ్నం రద్దీలో హోటల్‌కి వచ్చి పడుకున్నారు. చెవులకి శబ్దం ఆపేవి పెట్టారు. రైడర్ స్విచ్ అని ఒకటి ఉంది, దానికి ఏ జబ్బూ అక్కర్లేదు. పిల్లాడు ఎక్కనంటే ఒకరు వాడితో బయట ఉంటారు, రెండోవాళ్ళు దిగాక మళ్ళీ పెద్ద క్యూ లేకుండా వీళ్ళు ఎక్కొచ్చు. మరిది, పెద్దది అట్లా పెద్ద రైడ్లన్నీ ఎక్కారు. చెల్లెలు ఒక్కటీ ఎక్కలేదు. అయిదు రోజులకి వాళ్ళకైన ఖర్చు తలుచుకుంటే నేను చెప్పింది సరైనదేనా అని ఇప్పటికీ అనిపిస్తుంది. నిజం చెప్పి అడిగి చూసి ఉండాల్సిందేమో. అబద్ధం వద్దన్నాను కానీ, నిజం చెప్పి అడగమని గట్టిగా అనలేదు నేను.

తిరిగొచ్చాక వాడు వీడియోలో మాట్లాడాడు.

"పెద్దమ్మా, అక్కడ ట్రైన్ ఉంది. పార్కు చుట్టూ తిరుగుతుంది. నేను నాలుగు సార్లు ఎక్కాను."

"మనకి కావలిలో ఉందిరా ట్రైను. వచ్చినప్పుడు నెల్లూరు దాకా పోదాం."

కాసేపు ఆలోచించాడు. "క్యూ ఉంటుందా?"

"టిక్కెట్టు కాడ ఉంటుంది."

"మరెట్టా?"

"తాతయ్య నిలబడతాడులే. నువ్వూ నేనూ వేపచెట్టు కింద కూర్చుందాం."